కొట్టివేసిన చిరునామా

"పిచ్చుక ఎవరమ్మా?"

"తెలీదు సార్."

"ఆడా, మగా?"

"తెలీదు సార్."

"పోనీ, ఏ దేశం?"

"అదీ తెలీదు. నేను మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకి గుడ్‌నైట్ అని రాస్తారు. అంతవరకే తెలుసు."

వేలిముద్రల విభాగంలో జుట్టు నెరిసేదాకా పనిచేసి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నవాణ్ణి నేను. ఇన్ని తెలీదులు వినడం నాకు కొత్త కాదు. కానీ అబద్ధమాడేవాళ్ళు ఇలా ఆడరు. ఒక్క ప్రశ్నకైనా ముందే వండి పెట్టుకున్న జవాబుంటుంది వాళ్ళ దగ్గర. బల్లకి అవతల కూర్చున్న ఈ టైపిస్టు అమ్మాయి దగ్గర ఏమీ లేదు. నాకు భయం వేసింది అందుకే. దోషిని కాపాడటానికి వంద దారులుంటాయి. ఏమీ తెలియని మనిషిని ఎక్కణ్ణించి పట్టుకుని పైకి లాగాలి?

జరిగింది ఇదీ. ఒక కాంట్రాక్టరు తన గోడౌను తనే తగలబెట్టించాడు. లోపల వాచ్‌మన్ నిద్రపోతున్నాడు. నిప్పు పెట్టిన మనుషుల్నీ, పక్కన నిలబడి చూసిన కాంట్రాక్టర్నీ ఎదురింటి కిటికీలోంచి చూసింది ఒక్క టైలరమ్మే. సోమవారం ఆవిడ కోర్టులో నోరు విప్పాలి. ఆవిణ్ణి పోలీసులు ఓ రహస్యపు ఇంట్లో దాచారు. నిన్న దీపాలు పెట్టే వేళకి ఇద్దరు ఆ ఇంటి మీద పడ్డారు. అదృష్టం బాగుండి టైలరమ్మ తప్పించుకుని పోలీసుల దగ్గరికి చేరింది. ఇప్పుడు మరెక్కడో ఉంది.

అన్నం తెచ్చిపెట్టే నమ్మకమైన కానిస్టేబుల్ని పక్కన పెడితే, ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు. ఇన్‌స్పెక్టరు, ప్రభుత్వం తరఫు ప్లీడరు, ప్లీడరుగారి టైపిస్టు. ప్లీడరు మీద చెయ్యి వెయ్యడం కష్టం. ఇన్‌స్పెక్టరు తన మీద తను ఎలాగూ వేసుకోడు. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా?

"ఈ ముక్క నువ్వే రాశావా?" అన్నాను, ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ప్రింటు ముందుకు జరిపి.

నిన్న మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లోంచి పిచ్చుక అనే పేరుకి వెళ్ళిన సందేశం అది. 'ఇప్పుడు అన్నీ చక్కగా బయటికొస్తున్నాయి. ఇన్నాళ్ళూ దాగినవి కూడా. నీ మేలు మరచిపోను.' ఆ సాయంత్రమే దాడి. నేనే ఇన్‌స్పెక్టరునైతే నేనూ ఈ పిల్లని లోపల వేసేవాణ్ణి.

"నేనే రాశాను. గానుగ గురించి."

"ఏ గానుగ?"

ఆ మాటతో ఆ అమ్మాయి మొహంలోకి ప్రాణం వచ్చింది. పోలీసు స్టేషన్లో కూర్చున్న సంగతి కూడా కాసేపు మరిచిపోయింది. డాక్యుమెంట్లు మార్చే సాఫ్ట్‌వేరట అది. టైపు చేసిన ఫైలు ఒక రకంగా ఉంటుంది, కోర్టువాళ్ళు ఇంకో రకంగా అడుగుతారు. ఇటు వేస్తే అటు వస్తుంది కాబట్టి గానుగ అని పేరు పెట్టుకుందట ఈ పిల్ల.

"ఎవరిది?"

"ఎవరిదీ కాదు సార్, అందరిదీ. లోపలి కోడ్ అంతా బాహాటంగానే ఉంటుంది. ఎక్కడైనా తప్పు కనబడితే ఎవరైనా సరిదిద్ది పంపించొచ్చు. ఇంకొకళ్ళు చూసి సరే అనాలి. అప్పుడు అందులో కలుపుతారు."

"జీతమెంత?"

"జీతం ఉండదు."

"మరెందుకమ్మా నీకీ తద్దినం?"

గోళ్ళు చూసుకుంటూ ఆలోచించింది. "మా ప్లీడరుగారు నా పని బాగుందని ఒక్కసారీ అనలేదు సార్. అక్కడ అంటారు."

నాకూ ఓ కూతురుంది.

"సరే. పిచ్చుక చేసిన మేలేమిటి?"

"గానుగలో ఓ తప్పుండేది. ఫైల్లో మనం కొట్టేసిన వాక్యం ఏదైనా ఉంటే, దాని పక్కనున్న మంచి వాక్యాన్ని కూడా మింగేసేది. ఓసారి పిటిషన్లో అసలు కోరికే మాయమైంది. జడ్జిగారు ప్లీడరుగారిని తిట్టారు, ప్లీడరుగారు నన్ను తిట్టారు. నేను గానుగవాళ్ళకి రాశాను. ఊరికే రాస్తే ఎవరూ పట్టించుకోరు. తప్పు జరిగే ఫైలొకటి శాంపిల్‌గా జత చెయ్యాలి. అది అక్కడి పద్ధతి. ఎవరు ఏ సవరణ పంపినా ముందు ఆ శాంపిళ్ళన్నీ గానుగలో వేసి చూస్తారు."

"ఆఫీసు ఫైలు పంపించావా!" కుర్చీలోంచి లేవబోయాను.

"అయ్యో, అంత తెలివితక్కువదాన్నా? అక్షరాలన్నీ మార్చేశాను. పైనుంచి కిందిదాకా ఒకటే క. క క క క. మీరు చూస్తే కోళ్ళగూడు అనుకుంటారు. అందరూ అలాగే చేస్తారు సార్."

తిరిగి కూర్చున్నాను. "కొట్టేసిన వాక్యం ఎలాగూ పోయేదే కదా. దానివల్ల పక్కది ఎందుకు పోవాలి?"

"కొట్టేసింది పోదు సార్. కనబడదు, అంతే. ఎవరు కొట్టారో, ఎప్పుడు కొట్టారో అన్నీ లోపలే..."

సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మా అమ్మాయి. మొగుడి ఊసో, మేడమెట్ల ఊసో ఏదో ఒకటి చెప్పందే దానికి పూట గడవదు.

"నాన్నా, పొద్దున్నే మావయ్యగారు వాళ్ళ చుట్టాన్నెవరినో తీసుకొచ్చి మా మేడ మీద గదిలో దింపి వెళ్ళారు. వారం రోజులుంటుందట. మంచావిడలే. ఊరికే కూర్చోదు, ఏదో ఒక పని ఇమ్మంటుంది. నీ అల్లుడి చొక్కాలన్నీ ముందేసుకుంది."

"పనిలో ఉన్నానమ్మా, తర్వాత చేస్తాను," అని పెట్టేశాను. వాళ్ళవైపు చుట్టాలకి పిలుపులతో పనిలేదు. వారం అంటే నెల. పాపం నా కూతురు అనుకున్నాను.

మళ్ళీ బల్ల వైపు తిరిగేసరికి కానిస్టేబులు వచ్చి టైమయిందన్నాడు. అమ్మాయి లేస్తూ, "సార్, మా అక్కకి చెప్పండి. ఇంకో ఇద్దరి సవరణలు నేను చూసి సరే అనాల్సినవి ఉన్నాయి. నేను రాలేనని ఒక్క ముక్క రాసి పెట్టమనండి. ఎదురు చూస్తూంటారు," అంది.

ఎదురు చూడటమట! ఈ పిల్ల మెడకి ఉచ్చు బిగుస్తోంటే దాని బెంగ ఎవరి మీదో చూడండి. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

బయట బెంచీ మీద వాళ్ళక్క కూర్చుని ఉంది. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చింది. నన్ను కుదుర్చుకున్నది ఈవిడే. చెల్లెలి ల్యాప్‌టాప్ టికెట్ల సంచిలో పెట్టుకుని, దాన్ని ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుంది.

"చిన్నది ఏమంటోంది బాబాయ్‌గారూ?" స్టేషనంతా వినబడే గొంతు.

"ఎవరివో సవరణలు ఆగిపోయాయట. వాళ్ళకి కబురు పెట్టమంది."

"దాని మొహం!" అని, వెంటనే కొంగు లేని యూనిఫారం చేతితో కళ్ళు తుడుచుకుంది. "ఇంట్లో నా చేతి గడియారం పారేసి, ఆ మాట నాతో చెప్పడానికి మూడ్రోజులు తంటాలు పడ్డ పిల్లండీ అది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇల్లు చూపిస్తుందా?"

దాడి జరిగిన ఇల్లు చూడాలంటే ఇన్‌స్పెక్టరు అనుమతి కావాలి. ఆయన నాకు వియ్యంకుడు. నా కూతుర్ని ఇచ్చింది ఆయన కొడుక్కే. లోకంలో ఇంకే డిటెక్టివుకీ రాకూడని కష్టం ఇది. తిట్టాలన్నా 'గారూ' తగిలించి తిట్టాలి.

"దయచేయండి బావగారూ," అన్నాడు గేటు దగ్గర నిలబడి. "రిటైరైన మనిషి, ఎండలో ఎందుకు శ్రమ?"

"మీరు పట్టుకోవాల్సినవాళ్ళని పట్టుకుంటే నేనూ నీడపట్టున కూర్చునేవాణ్ణే బావగారూ."

మామూలు మేడ. కింద రెండు గదులు, పైన ఒకటి. బయటినుంచే మేడమెట్లు. వీధి తలుపుకి చిన్న గీత కూడా పడలేదు. కింది కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పై గది తలుపు మాత్రం గడియతో సహా ఊడి లోపలికి పడి ఉంది. మెట్ల మీద బూటు మరకలు రెండు జతలు. పైకి ఎక్కినవి నిదానంగా, అడుగు పూర్తిగా ఆనించి ఎక్కినవి. దిగినవి పరుగులో దిగినవి. పై గదిలో మంచం లేదు, చాప లేదు, నీళ్ళ గ్లాసు లేదు. నేల మీద దుమ్ము చెదిరింది వాళ్ళ బూట్లకే.

"టైలరమ్మ ఇక్కడ లేనేలేదు," అన్నాను.

"మోకాళ్ళు పట్టేశాయని మెట్లెక్కలేనంది. మొదటి రోజే కింది గదిలోకి మార్పించాను. వీళ్ళు పైన తలుపు బద్దలుకొడుతుంటే ఆవిడ వీధిలోకి వచ్చి, పోయే వ్యాను ఆపి ఎక్కేసింది. అదే ఆవిణ్ణి బతికించింది."

"అయితే వచ్చినవాళ్ళు తిన్నగా పైకే ఎందుకెళ్ళారు? కింద లైటు వెలుగుతోంటే కనీసం తొంగి చూడలేదే?"

ఆయన ఊడిన గడియని బూటుతో పక్కకి జరిపాడు. నేను మాత్రం పొంగిపోయాను. "ఎవరైనా ఈ ఇంటి మీద కన్నేసి చెప్పి ఉంటే, ఆవిడ కింద ఉందని చెప్పేవాళ్ళు. అన్నం తెచ్చే కానిస్టేబులు చెప్పినా అదే చెప్పేవాడు. వీళ్ళకి అలా తెలియలేదు. మేడ మీద గది అని ఎక్కడో చదివి వచ్చారు."

"శభాష్ బావగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు, నిజంగానే చప్పట్లు కొట్టి. "ఇల్లు చూసినవాళ్ళు కాదు, కాగితం చూసినవాళ్ళన్నమాట. కాగితం టైపు చేసింది ఎవరు? నా కేసుకి ఒక మేకు తక్కువైంది, మీరొచ్చి దిగ్గొట్టారు. ఫీజు ఆ కండక్టరమ్మ ఇస్తుందా, నేనివ్వనా?"

చెంప మీద కొట్టినట్టయింది. ఆ పిల్లని బయటికి లాగడానికి వచ్చినవాణ్ణి, నా చేతులతో నేనే లోపలికి ఇంకాస్త తోశాను. నా తెలివి మండ అనుకున్నాను. పైకి మాత్రం, "టైలరమ్మకి రక్షణ కోరుతూ కోర్టులో దాఖలైన పిటిషన్లో ఈ అడ్రసు లేదుగా?" అన్నాను.

"లేదు. సీలు కవర్లో ఇస్తామని రాశాం. అసలు ప్లీడరుగారు చాదస్తుడు. డ్రాఫ్టులో రెండుసార్లు కొట్టేశాడు. మొదట నేను రాసిచ్చిన చోటు పనికిరాదన్నాడు. తర్వాత ఈ ఇల్లు రాశాం. చివరికి అసలు అడ్రసే వద్దని దీన్నీ కొట్టేశాడు."

"మొదట రాసిన చోటు ఏది?"

"అది మీకనవసరం."

"ఆవిడిప్పుడు ఎక్కడుంది?"

"అది అంతకంటే అనవసరం. ఈసారి కాగితం లేదు, కంప్యూటర్ లేదు, కాపలా పెడితే నలుగురి కళ్ళూ పడతాయని కానిస్టేబుల్ని కూడా పెట్టలేదు. నాకు తప్ప నరమానవుడికి తెలీదు. బావగారూ, ఆ కాంట్రాక్టరు మామూలువాడు కాదు. వాడి పేరు పేపర్లో గానీ, ఇంటర్నెట్లో గానీ ఎక్కడ పడినా ఏరుకొచ్చి చూపించడానికే జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్నాడు. నేను ఫోన్లో కూడా వాడి పేరెత్తను."

జీపులో స్టేషనుకి తిరిగి వస్తున్నంతసేపూ ఆయన ఏదో చెబుతూనే ఉన్నాడు. మా మనవడి స్కూలు సంగతో ఏదో. నాకు వినబడటం లేదు. రెండుసార్లు కొట్టేశాం, రెండుసార్లు కొట్టేశాం అని ఒకటే మాట తల లోపల తిరుగుతోంది. దాని వెనకే ఇంకో గొంతు. ఫోను మోగడం వల్ల నేను పూర్తిగా వినని గొంతు. కొట్టేసింది పోదు సార్. కనబడదు, అంతే.

"బావగారూ, ఆ అమ్మాయిని ఒక్కసారి బయటికి పిలిపించండి. ల్యాప్‌టాప్ వాళ్ళక్క దగ్గరుంది. మీ ఎదురుగానే తెరుద్దాం."

"సాక్ష్యం మీరే తెచ్చిస్తానంటే కాదంటానా?"

ఇన్‌స్పెక్టరు గదిలో బల్ల చుట్టూ నలుగురం చేరాం. టైపిస్టు అమ్మాయి పాస్‌వర్డు కొట్టింది. అక్క దాని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. గానుగ తాలూకు పేజీ తెరుచుకుంది. పైన పిచ్చుక రాసిన నాలుగు మంచి ముక్కలు, కింద రెండు గళ్ళు. ఒకదాని మీద ముందు అనీ, రెండోదాని మీద తర్వాత అనీ ఉంది.

"సవరణ పంపేవాళ్ళు, దానివల్ల శాంపిల్ ఎలా మారిందో ఇక్కడ అందరికీ చూపించాలి సార్," అంది అమ్మాయి. "ఇదిగో చూడండి, ముందు ఈ వాక్యం లేదు. ఇప్పుడు వచ్చింది."

చూశాను. క క క క. నిజంగానే కోళ్ళగూడు. ఇన్‌స్పెక్టరు ముసిముసిగా నవ్వాడు.

"అక్షరాలన్నీ ఇలా 'క'లుగా ఎలా మార్చావు? ఒక్కొక్కటీ చేత్తో కొట్టావా?"

"లేదు సార్, వెతికి మార్చమని ఒక్కసారే చెప్పాను. కనబడే అక్షరమల్లా మారిపోయింది."

"కనబడేది," అన్నాను.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. మొహంలో రంగు మారడం అప్పుడే మొదలైంది.

'తర్వాత' అన్న గడి చివర చిన్న బూడిదరంగు అక్షరాలున్నాయి. మిగతాది మడతలో ఉంది, చూడాలంటే నొక్కండి అని. "దీన్ని నొక్కి చూశావా అమ్మా? సరే అనే ముందు?"

"వాక్యం వచ్చిందో లేదో చూశాను... అప్పుడే ప్లీడరుగారు బెల్లు కొట్టారు... పిచ్చుక ఎప్పుడూ తప్పు చెయ్యరు సార్..."

"శాంపిల్ నీదే. చూసి సరే అన్నదీ నువ్వేనా?"

"నా శాంపిలే కదా, నేనే త్వరగా చూడగలనని..."

నేనే నొక్కాను.

మడత విచ్చుకుంది. పిచ్చుక పాపం మంచిపనే చేసింది. కొట్టేసిన వాక్యాలు పక్కవాటిని మింగకుండా వాటిని విడిగా తీసి, భద్రంగా, ఒక్క అక్షరం పోకుండా కింద పేర్చి పెట్టింది. అడ్డగీతతో సహా. అక్కడ ఒక్క క కూడా లేదు. ఈ పిల్ల శాంపిల్‌గా పంపింది టైలరమ్మ రక్షణ పిటిషన్ డ్రాఫ్టే. కాంట్రాక్టరు పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా. అతని మనుషుల వల్ల సాక్షికి ప్రాణభయం ఉన్నందున అని ఉంది. ఆ వెంటనే మేం ఇప్పుడే చూసొచ్చిన ఇంటి నంబరు. మేడ మీద గది.

టైపిస్టు అమ్మాయి నోటివెంట ఏదో సన్నటి చప్పుడు వచ్చింది, అంతే. వాళ్ళక్క "ఏమిటే? ఏమైందే చిన్నదానా?" అని కుదుపుతోంది.

"మడతలు మనుషులకే," అన్నాను. "పేరు పెట్టి వెతికే యంత్రానికి మడతేముంది, విప్పేదేముంది? నిన్న మధ్యాహ్నం ఇది ఇలా ఇంటర్నెట్లో పడింది. కాంట్రాక్టరు మనిషి వాడి పేరు వెతుక్కున్నాడు, దొరికింది. బావగారూ, ఈ పిల్ల ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇందులో దొంగ లేడు, ద్రోహి లేడు. అందరూ ఒకరికొకరు సాయం చేసుకున్నారు, అంతే."

గెలిచాననుకున్నాను. ఆ ఒక్క క్షణం నిజంగానే ఛాతీ ఉబ్బింది. వియ్యంకుడి మొహం చూద్దామని తిరిగాను.

ఆయన నన్ను చూడటం లేదు. స్క్రీను మీద ఇంకా కిందికి చూస్తున్నాడు. కొట్టేసిన వాక్యం ఇంకోటుంది అక్కడ. ప్లీడరు మొదటిసారి కొట్టేసింది. చూస్తుండగానే ఆయన అరచెయ్యి చాచి, స్క్రీనుకి అడ్డం పెట్టేశాడు.

"చెయ్యి తియ్యండి బావగారూ."

"వద్దు బావగారూ."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను బతిమాలడం ఎప్పుడూ వినలేదు. చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

వంతెన పక్క వీధి, నీలం గేటు ఇల్లు, మేడ మీద గది.

ఆ గేటుకి నీలం రంగు వేసింది నేనే. కొత్త కాపురానికి ఏదో ఒకటి చెయ్యాలని, నా అల్లుడూ నేనూ ఆదివారమంతా కూర్చుని రెండు పూతలు వేశాం.

"నా కొడుకు ఇల్లు కంటే నమ్మకమైన చోటు ఏముంటుందనుకున్నాను," అంటున్నాడు ఆయన. "చుట్టాల ఇల్లు బాగుండదని ప్లీడరు కొట్టేశాడు. నిన్న అంత జరిగాక మళ్ళీ నాకు అదే తోచింది. వీధిలోవాళ్ళ కళ్ళు పడకూడదని, మోకాళ్ళు నొప్పంటున్నా పట్టుకుని మేడెక్కించాను. కాగితం మీద లేదు కదా... ఎప్పుడో కొట్టేశాం కదా..."

నా కూతుర్ని, నా మనవణ్ణి ఆ ఇంట్లో ఉంచి! ఆయన పీక పట్టుకోవాలనిపించింది. పట్టుకుని ఏం చెయ్యను? పొద్దున నా కూతురు ఫోన్లో చెబితే వినకుండా పెట్టేసింది నేను.

"తీసెయ్," అని అరిచాను టైపిస్టు అమ్మాయి మీద. "ఇప్పుడే తీసెయ్ దాన్ని!"

ఆ అమ్మాయి గబగబా ఏవేవో నొక్కింది. పేజీ మాయమైంది. అంతలోనే తల అడ్డంగా ఊపింది. "ఇక్కడ తీసేశాను సార్. కానీ శాంపిల్ గానుగతో పాటే వెళ్తుంది. దించుకున్న ప్రతివాళ్ళ దగ్గరా ఉంటుంది. పిచ్చుక సవరణ కూడా. నేను తీయలేను. ఎవరూ తీయలేరు."

"ఎంతమంది దగ్గర?"

"తెలీదు సార్," అని తల బల్ల మీద పెట్టేసింది. వాళ్ళక్క నా వైపు చూసింది. చెల్లెలు నిర్దోషి అని తేలింది, ఇక తీసుకెళ్ళొచ్చా అని అడగబోయి, చెల్లెలి తల మీద చెయ్యి వేసింది.

ఇన్‌స్పెక్టరు కొడుక్కి ఫోను చేస్తున్నాడు. అల్లుడు పనిలో ఉంటే ఫోను తీయడు. వైర్‌లెస్‌లో దగ్గరి జీపు ఎక్కడుందని అడిగాడు. ఊరికి అవతలి చివర ఉందన్నారు. నేను మా అమ్మాయి నంబరు నొక్కాను. మోగుతోంది. మోగుతూనే ఉంది. కూతురు ఎక్కడో బట్టలు ఆరేస్తుంటుంది, లేకపోతే పిల్లాడికి అన్నం పెడుతుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

"నాన్నా!" గలగలా నవ్వుతూ ఎత్తింది. "నూరేళ్ళు నీకు, ఇప్పుడే అనుకున్నా. ఆవిడ ఎంత పనిమంతురాలో తెలుసా? నీ అల్లుడి చొక్కాలన్నిటికీ ఊడిన గుండీలు కుట్టి మడతపెట్టింది. టైలరట."

"అమ్మా, నేను చెప్పేది విను. వీధి తలుపు గడియ పెట్టు. బాబుని తీసుకుని ఆవిణ్ణి కిందికి పిలిచి..."

"ఎలా పెట్టను నాన్నా, పనివాళ్ళు లోపలున్నారుగా. మేడ మీద నీళ్ళ ట్యాంకు చూడాలని ఇద్దరొచ్చారు. మావయ్యగారే పంపించారటలే. పైకి పంపించాను."

నేను వియ్యంకుడి వైపు చూశాను. ఫోను పెద్ద గొంతుది, ఆయనకీ వినబడింది. నేనెవర్నీ పంపలేదు అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. జీపు తాళాల కోసం జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. తాళాలు ఆయన ఎడమ చేతిలోనే ఉన్నాయి.

"అమ్మా, బాబుని ఎత్తుకుని వీధిలోకి వచ్చెయ్. చెప్పులు కూడా వేసుకోకు. వచ్చెయ్..."

"ఉండు నాన్నా, పైన ఏదో పడ్డ చప్పుడైంది. పాపం ఆవిడకి అసలే మోకాళ్ళ నొప్పులు. చూసొస్తాను," అని ఫోను బల్ల మీద పెట్టేసింది.

వద్దమ్మా అని అరిచాను. ఎన్నిసార్లు అరిచానో తెలియదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడూ, నా మనవడు ఒక్కడే ఏదో పాడుకుంటున్న చప్పుడూ మాత్రం వినిపిస్తున్నాయి.